లక్షలు పోసి కస్టమ్ ఎలక్ట్రిక్ గిటారు చేయించుకోవాలా, మంచి ఫ్యాక్టరీ గిటారు సరిపోతుందా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. లక్ష రూపాయల లోపు దొరికే మంచి ఫ్యాక్టరీ గిటారుకీ, మూడు నాలుగు లక్షలు పెట్టి చేయించుకునే కస్టమ్ గిటారుకీ తేడా కచ్చితంగా ఉంటుంది, కానీ ఆ తేడా ఎక్కువగా వాయించేవాళ్ళ చేతికి తెలుస్తుంది, వినేవాళ్ళ చెవికి అంతగా తెలియదు. కాబట్టి సౌండ్ బాగుంటుందని కస్టమ్ వైపు చూస్తుంటే కాస్త ఆగండి. అలా కాకుండా "నా చేతికి, నేను వాయించే సంగీతానికి ఫలానాది కావాలి, అది ఏ కంపెనీ చెయ్యడం లేదు" అని ఒక్క వాక్యంలో చెప్పగలిగితే ధైర్యంగా చేయించుకోండి, ఆ డబ్బు వృథా పోదు.

చెన్నైలో ఈ ప్రశ్న నన్ను ఎక్కువగా అడిగేది ఓఎంఆర్ ఐటీ కంపెనీల్లో పనిచేసే మన తెలుగు కుర్రాళ్ళు. కాలేజీలో ఏదో చవక గిటారు మీద నేర్చుకుని ఉంటారు, ఇప్పుడు చేతిలో జీతం ఉంది, బోనస్ పడగానే "అన్నా, మళ్ళీ మళ్ళీ కొనే పని లేకుండా ఒకేసారి మంచి కస్టమ్ పీస్ చేయించేసుకుంటా, ఏమంటావ్?" అంటారు. ఆ ఉత్సాహం నాకు నిజంగా ఇష్టం, దాన్ని చల్లార్చాలని ఇది రాయడం లేదు. అయితే "ఏ కస్టమ్?" అని తిరిగి అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు, చిక్కంతా అక్కడే ఉంది.

ఎందుకంటే బజారులో కస్టమ్ పేరుతో అమ్ముడయ్యేవన్నీ ఒకటి కావు. ఫెండర్ 1987లో కాలిఫోర్నియాలో మొదలుపెట్టిన కస్టమ్ షాప్ ఉంది, గిబ్సన్‌కి నాష్‌విల్‌లో అలాంటిదే ఉంది. వీటిలో ఎక్కువ భాగం మీ కోసం చేసేవి కావు, 1950లు, 60ల నాటి గిటార్లని ఆ కాలపు కొలతలతో, రంగుతో, కొన్నిసార్లు కావాలని గీరి పాతబడినట్టు కనిపించేలా చేసినవి. ఫెండర్‌లో టీమ్ బిల్ట్ అంటే కొంతమంది కలిసి చేసింది, మాస్టర్‌బిల్ట్ అంటే ఒకే నిపుణుడు మొదటి నుంచి చివరిదాకా చేసింది, రెండింటి ధరలకీ పొంతనే ఉండదు. సుర్, టామ్ ఆండర్సన్ లాంటి చిన్న కంపెనీల దారి ఇంకోటి, వాళ్ళు తక్కువ సంఖ్యలో, చాలా శ్రద్ధగా చేస్తారు, నెక్ (తీగలు నొక్కే పొడవాటి భాగం) మందం, ఫ్రెట్ల (దాని మీది లోహపు అడ్డ కమ్మీల) సైజు, పికప్‌లు (తీగ కదలికని విద్యుత్ సంకేతంగా మార్చేవి) మీరు ఎంచుకోవచ్చు. ఆ తర్వాత మన దేశంలోనే ఒంటరిగానో, ఒకరిద్దరు సాయంతోనో గిటార్లు చేసే లూథియర్లు, వీళ్ళ దగ్గర మీరు అడిగింది ఏదైనా చేయించుకోవచ్చు. ఆఖరున విడిభాగాలు తెప్పించి బిగించుకునే పద్ధతి, అమెరికాలో వార్మోత్ లాంటి వాళ్ళు బాడీ, నెక్ విడివిడిగా మీ కొలతలకి చేసి అమ్ముతారు. మీరు లెక్కలు వేస్తున్నది వీటిలో దేని గురించో తేల్చుకోకుండా ముందుకెళ్తే, ఒకదాని ధర ఇంకోదాని సుగుణాలతో కలిసిపోయి బుర్ర వేడెక్కుతుంది.

ఇక అదనంగా పెట్టే డబ్బు ఎక్కడికి పోతుందో చూద్దాం. నా దృష్టిలో అన్నిటికంటే విలువైన చోటు ఫ్రెట్లు. షాపులో గిటారు చేతికివ్వగానే ఆంప్‌లో (యాంప్లిఫయర్‌లో) పెట్టి వాయించడం మొదలుపెట్టకండి. ముందు ఎడమచేతి చూపుడు వేలిని నెక్ అంచు వెంబడి, నట్ (నెక్ పైచివర తీగలు ఆనే ముక్క) దగ్గర నుంచి బాడీ దాకా మెల్లగా జార్చండి. చవక గిటారు అయితే ప్రతి ఫ్రెట్ చివరా వేలికి గుచ్చుకుంటుంది, ఏసీ షోరూముల్లో చెక్క ఆరి కుంచించుకుపోతే ఇది ఇంకా పెరుగుతుంది. తర్వాత సన్నటి తీగని మొదటి ఫ్రెట్ దగ్గరా, చివరి ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కి పట్టుకుని, ఏడో ఫ్రెట్ దగ్గర తీగ కింద ఎంత సందు ఉందో చూడండి. విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే నెక్ సరిగ్గా ఉన్నట్టు. సందు బాగా ఎక్కువ ఉన్నా, అసలు లేకపోయినా సెటప్ (నెక్ వంపు, తీగల ఎత్తు సరిచేయడం) అవసరం. ఆ తర్వాత పన్నెండో ఫ్రెట్ నుంచి పదిహేడో ఫ్రెట్ దాకా ఒక్కోచోట తీగని ఒక పూర్తి స్వరం మేర పైకి లాగండి. స్వరం మధ్యలో చచ్చిపోయిందంటే ఫ్రెట్లు సమంగా లేవు, లేదా ఫింగర్‌బోర్డు (నెక్ మీద ఫ్రెట్లు దిగి ఉన్న పలక) వంపు ఎక్కువ, లేదా తీగలు మరీ కిందికి దించేశారు. మంచి కస్టమ్ బిల్డర్ చేతి నుంచి వచ్చిన గిటారులో ఈ మూడు పరీక్షల్లోనూ వంక పెట్టడానికి ఏమీ దొరకదు. ఫ్రెట్ల అంచులు చేత్తో గుండ్రంగా రుద్ది ఉంటాయి, గంటల కొద్దీ పని అది, ఫ్యాక్టరీ లైనులో చవక మోడల్‌కి అంత సమయం ఇవ్వరు. స్టెయిన్‌లెస్ స్టీల్ ఫ్రెట్లు కూడా అడిగి వేయించుకోవచ్చు, మామూలు నికెల్ సిల్వర్ కంటే చాలా ఎక్కువ కాలం అరగకుండా ఉంటాయి.

కానీ ఈ పనిలో చాలా భాగాన్ని మీ పాత గిటారు మీదే చేయించుకోవచ్చు. చేయి తిరిగిన రిపేరర్ దగ్గర ఫ్రెట్ లెవెలింగ్, కొత్త నట్, పూర్తి సెటప్ చేయిస్తే కొన్ని వేల రూపాయలు అవుతుంది, లక్షలు కాదు. ముప్పై వేల యమహా పసిఫికా మీదో, ఫెండర్ వాళ్ళ చవక బ్రాండు స్క్వైర్ మీదో ఈ పని చేయించి తెచ్చుకున్నవాళ్ళని అడగండి, అది తమ గిటారేనా అనిపించిందని చెబుతారు. దీన్ని ఎంతమందికి చెప్పినా సరిపోదనిపిస్తుంది నాకు, ఎందుకంటే "ఈ గిటారు వాయించడం కష్టంగా ఉంది" అని అమ్మేసేవాళ్ళలో చాలామంది అసలు ఒక్కసారైనా సెటప్ చేయించినవాళ్ళు కారు.

చెక్క సంగతి. మహాగని, ఆల్డర్, స్వాంప్ యాష్, మేపుల్ టాప్ అంటూ కస్టమ్ బిల్డర్లు పెద్ద జాబితా ముందు పెడతారు. అకూస్టిక్ గిటారులో చెక్కే శబ్దాన్ని గదిలోకి మోస్తుంది కాబట్టి అక్కడ చెక్క ప్రాణం. ఎలక్ట్రిక్‌లో పికప్ పట్టుకునేది అయస్కాంత క్షేత్రంలో ఊగే ఉక్కు తీగ కదలికని, ఆ తర్వాత కేబుల్, పెడల్, ఆంప్, అన్నిటికన్నా ముఖ్యంగా స్పీకరు. చెక్క ప్రభావం బొత్తిగా లేదని నేను అనను, తీగ ఎంతసేపు మోగుతుందన్న దాంట్లో, గిటారు బరువులో, ఒళ్ళో పెట్టుకున్నప్పుడు తగిలే కంపనంలో అది తెలుస్తుంది. అయినా పికప్‌ని స్క్రూతో రెండు మిల్లీమీటర్లు పైకి కిందికి జరిపినప్పుడు వచ్చే మార్పు ముందు అది చిన్నది. కాబట్టి పులిచారల మేపుల్ టాప్ నచ్చితే దాని అందం కోసం కొనండి, అందానికి డబ్బు పెట్టడంలో తప్పేం లేదు, సౌండ్ పేరు చెప్పి మాత్రం పెట్టకండి. ఇంకో మాట, విదేశీ బిల్డర్లు ఈస్ట్ ఇండియన్ రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డు అని ఘనంగా రాసేది మన దక్షిణాది అడవుల్లో పెరిగే ఇరుగుడు చెక్క గురించే. 2017 జనవరి నుంచి ఈ జాతి చెక్కల అంతర్జాతీయ రవాణాకి సైటీస్ (అంతరించే ముప్పున్న జాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) అనుమతి పత్రాలు తప్పనిసరి అయ్యి గిటార్లు అమ్మేవాళ్ళంతా తెగ ఇబ్బంది పడ్డారు, 2019 నవంబరు నుంచి తయారైన వాద్యాలకి మినహాయింపు వచ్చింది.

చెన్నైలో ఉండి కొనేటప్పుడు ఊరి వాతావరణాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి, అమెరికా యూట్యూబ్ రివ్యూల్లో ఇది ఉండదు. ఇక్కడ ఏడాదిలో చాలా భాగం గాలిలో తేమ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, దానికి తోడు రాత్రంతా ఏసీ, పగలంతా ఉక్క. నెక్ ఆ మార్పులకి అటూ ఇటూ వంగుతూనే ఉంటుంది, గిటారు ఖరీదైనదని తేమ దాని జోలికి రాకుండా పోదు. ఈ ఊరికి నిజంగా పనికొచ్చే ప్రీమియం ఫీచర్ ఏదంటే రోస్టెడ్ మేపుల్ నెక్ అంటాను. చెక్కని ముందే కాల్చినట్టుగా వేడిచేసి తేమ పీల్చుకునే గుణాన్ని తగ్గిస్తారు, దాంతో నెక్ తక్కువ కదులుతుంది. ఇప్పుడిది మధ్యరకం ఫ్యాక్టరీ గిటార్లలో కూడా వస్తోంది. పాత పద్ధతి నైట్రోసెల్యులోజ్ లాకర్ (చెక్క మీద వార్నిష్ లాంటి పూత) ఉన్న నెక్ మాత్రం మే నెలలో చెమట చేతికి అతుక్కుంటుంది. గిబ్సన్ కస్టమ్ మీద అంత డబ్బు పెట్టి, బొటనవేలు జారడం లేదని ఎండాకాలమంతా చిరాకు పడేవాళ్ళు ఉన్నారు. కొన్ని స్టాండ్ల రబ్బరు తగిలినా ఆ లాకర్ కరిగి మచ్చ పడుతుంది. శాటిన్ ఫినిష్ నెక్ ఇక్కడ హాయి. తీగలు కూడా పైపూత ఉన్నవే వాడండి, సముద్రపు గాలికి మామూలు తీగలు ఇట్టే తుప్పు పడతాయి.

హమ్, అంటే ఆంప్‌లోంచి వచ్చే గుయ్యిమనే రొద గురించి ఎవరూ ముందు చెప్పరు. పాత అపార్ట్‌మెంట్లలో ఎర్తింగ్ సరిగ్గా ఉండదు, ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటరు మూడులో పెడితే సింగిల్ కాయిల్ పికప్ (ఒకే తీగచుట్ట ఉన్నది) గుయ్యిమంటుంది. నాలుగు లక్షల కస్టమ్ షాప్ స్ట్రాట్‌కీ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్), పాతిక వేల స్క్వైర్‌కీ ఈ విషయంలో భేదం ఉండదు, సింగిల్ కాయిల్ స్వభావమే అది. ఇంట్లోనే ఎక్కువ వాయిస్తారనుకుంటే హంబకర్లో (రెండు తీగచుట్టలతో రొద తగ్గించే పికప్‌లు), నాయిస్‌లెస్ పికప్‌లో ఉన్నది తీసుకోండి, లేదా గిటారు లోపల పికప్‌లుండే గూళ్ళకి రాగి టేపు వేయించండి, ముందు ఇంటి ఎర్తింగ్ బాగు చేయించండి.

ఇన్ని చెప్పాక కస్టమ్ వద్దనే అంటానని అనుకుంటున్నారేమో, అలా కాదు. పాలకొల్లులో పుట్టి ఈ చెన్నైలోనే జీవితం గడిపిన మాండొలిన్ శ్రీనివాస్ గారిని తలచుకోండి. మామూలు మాండొలిన్‌కి నాలుగు జతల తీగలు. జంట తీగల్ని కలిపి లాగి గమకం పలికించడం కష్టం, పైగా కర్ణాటక సంగీతానికి కావలసిన స్థాయి అందులో చాలదు. అందుకే ఆయన జతలు తీసేసి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద వాయించారు. కంపెనీ వాద్యం ఆయన సంగీతాన్ని పలకలేదు కాబట్టి వాద్యమే మారాల్సి వచ్చింది. తర్వాత రోజుల్లో రిమెంబర్ శక్తి బృందంలో ఆయన పక్కన కూర్చుని వాయించిన ఇంగ్లీషు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ కూడా 1970లలో తొలి శక్తి కోసం గిబ్సన్‌ చేత ప్రత్యేకంగా ఒక అకూస్టిక్ గిటారు చేయించుకున్నారు, ఫ్రెట్ల మధ్య చెక్కని గుంటగా తొలిచిన స్కాలప్ బోర్డు, అడ్డంగా శృతి తీగలు. వేలు చెక్కకి తగలదు, ఫ్రెట్ మీదే ఆనుతుంది కాబట్టి తీగని నొక్కినా లాగినా స్వరం తేలిగ్గా వంగుతుంది. కస్టమ్ అనేదానికి ఇంతకన్నా సరైన కారణం నాకు తెలియదు.

ఎలక్ట్రిక్ గిటారు మీద కర్ణాటక సంగీతం వాయించాలనుకునేవాళ్ళు ఇక్కడ ఉన్నారు, వాళ్ళు నన్నడిగితే స్కాలప్ బోర్డు, ఎత్తైన జంబో ఫ్రెట్లు, 12 అంగుళాలో అంతకన్నా చదునైన రేడియస్సో (ఫింగర్‌బోర్డు అడ్డ వంపు కొలత, అంకె పెరిగేకొద్దీ చదును) అడగమంటాను. 1950ల నాటి ఫెండర్ కొలతల్ని యథాతథంగా కోరుకుంటే వచ్చే 7.25 అంగుళాల రేడియస్ మీద, తీగలు కిందికి దించి, తోడిలో గాంధారాన్ని ఊపి చూడండి, పై ఫ్రెట్లలో స్వరం నొక్కుకుపోయి ఆగిపోతుంది. అంటే ఎంతో ఖరీదు పెట్టి తెప్పించిన అచ్చమైన పాతకాలపు నకలు మన గమకానికే అడ్డం పడొచ్చు. అదే సమయంలో, స్కాలప్ కావాలంటే కస్టమే దిక్కు అనుకోకండి. గిటారిస్టు ఇంగ్వే మాల్మ్‌స్టీన్ పేరుతో ఫెండర్ చేసే స్ట్రాట్ ఫ్యాక్టరీ నుంచే స్కాలప్‌తో వస్తుంది, ఐబనెజ్ జెమ్‌లో చివరి నాలుగు ఫ్రెట్లకి ఉంటుంది, ఉన్న నెక్‌నే నిపుణుడి చేత తొలిపించుకోవచ్చు. ఏడు తీగలు, ఎనిమిది తీగలు, ఏటవాలు ఫ్రెట్లు కూడా ఇప్పుడు ఫ్యాక్టరీ సరుకే.

మరి కస్టమ్ నిజంగా ఎవరికి అవసరం? ఎడమచేతివాటం వాళ్ళు. వాళ్ళకి షాపులో ఉండేది ఒకటో రెండో మోడళ్ళు, నచ్చినా నచ్చకపోయినా అవే, కాబట్టి వాళ్ళు కస్టమ్ గురించి ఆలోచిస్తే నేను సగం ఒప్పేసుకుంటాను. మణికట్టు దెబ్బతిన్నవాళ్ళు, నడుము నొప్పి వల్ల నాలుగు కిలోలు దాటే లెస్‌పాల్‌ని భుజాన వేసుకోలేనివాళ్ళు, చాలా చిన్న చేతులున్నవాళ్ళు. ఆల్బమ్ పనుల్లో, సినిమా రికార్డింగుల్లో రోజూ వాయిస్తూ, ఒకే గిటారుతో నాలుగు రకాల సౌండ్లు రావాల్సినవాళ్ళు. వీళ్ళకి తమకేం కావాలో మిల్లీమీటర్లలో తెలుసు. మీకు ఇంకా తెలియకపోతే మౌంట్ రోడ్‌లో 1842 నుంచి ఉన్న మ్యూజీ మ్యూజికల్ లాంటి షాపులకి, స్నేహితుల ఇళ్ళకి వెళ్ళి రకరకాల నెక్‌లు పట్టుకుని చూడండి. ఫెండర్ 25.5 అంగుళాల స్కేల్ (నట్ నుంచి బ్రిడ్జి దాకా మోగే తీగ పొడవు), గిబ్సన్ 24.75, పీఆర్ఎస్ 25, ముక్కాలు అంగుళం తేడాయే అయినా తీగ బిగువు చేతికి వేరుగా తెలుస్తుంది. ఏది మీదో తెలిశాకే ఆర్డరు.

లోకల్ లూథియర్‌కి ఆర్డరిస్తుంటే మాటల మీద వదిలేయకండి. నాకు తెలిసిన నెల్లూరు అబ్బాయి ఒక లూథియర్ దగ్గర ముచ్చటపడి చేయించుకున్నాడు, పేరు అనవసరం, గిటారు చూడ్డానికి కళ్ళు చెదిరేలా ఉంది. మొదటి వానాకాలానికే నెక్ ముందుకి వంగింది, సరిచేద్దామని ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండి వంపు సరిచేసే లోహపు కడ్డీ) తిప్పితే అప్పటికే అది చివరిదాకా బిగిసిపోయి ఉంది. చెక్క పూర్తిగా ఆరకముందే చేసేశారన్నమాట. అందుకని చెక్క ఎంతకాలం ఆరబెట్టారు అనేది మొదటి ప్రశ్న. మొదటి ఫ్రెట్ దగ్గర, పన్నెండో ఫ్రెట్ దగ్గర నెక్ మందం, నట్ వెడల్పు, రేడియస్, ఫ్రెట్ సైజు, గరిష్ఠ బరువు అన్నీ కాగితం మీద ఉండాలి. అడ్వాన్సు ఎంత, ఆలస్యమైతే ఏంటి, ఏడాదిలోపు నెక్ వంగితే ఎవరి ఖర్చుతో బాగుచేస్తారు అనేవి కూడా. మంచి బిల్డరు ఈ ప్రశ్నలకి చిరాకు పడడు, ఇంకా నాలుగు ప్రశ్నలు తనే అడుగుతాడు. ఆయన చేసిన, కనీసం ఒక వానాకాలం గడిచిన గిటారు ఒకటి వాయించి చూడకుండా డబ్బు పంపకండి. విదేశం నుంచి తెప్పిస్తుంటే డాలర్ ధరని రూపాయల్లోకి మార్చుకుని అక్కడితో ఆగకండి, రవాణా, ఇన్సూరెన్సు, కస్టమ్స్ సుంకం, ఐజీఎస్టీ అన్నీ పైన పడతాయి, వారంటీ కింద వెనక్కి పంపాలంటే మళ్ళీ ఖర్చు.

ఒక పోలిక వేసి చూపిస్తాను, ధరలు షాపుని బట్టి మారతాయి కాబట్టి ఉజ్జాయింపుగానే తీసుకోండి. మీ దగ్గర రెండున్నర లక్షలు ఉన్నాయి. ఒక దారి, మొత్తం కస్టమ్‌కి పెట్టి, ఇంట్లో ఉన్న ఐదు వేల బుల్లి ఆంప్‌లోనే వాయించుకోవడం. రెండో దారి, మెక్సికోలో చేసే ఫెండర్ ప్లేయరో, ఇండోనేషియాలో చేసే పీఆర్ఎస్ ఎస్ఈనో లక్ష లోపు తీసుకుని, సెటప్‌కి కొన్ని వేలు, సీమోర్ డంకన్‌వో డిమార్జియోవో పికప్‌లకి పదిహేను ఇరవై వేలు, బాస్ కటానా లాంటి 12 అంగుళాల స్పీకరున్న ఆంప్‌కి పాతిక ముప్పై వేలు పెట్టడం. ఇంకా లక్ష దాకా మిగిలే ఉంటుంది, పాఠాలకి పెట్టుకోండి, బ్యాండ్ రిహార్సల్ గదికి పెట్టుకోండి. నేనైతే రెండో దారిలోనే వెళ్తాను. రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ తన ఫ్రాంకెన్‌స్ట్రాట్‌ని 50 డాలర్ల బాడీ, 80 డాలర్ల నెక్ కలిపి సొంతంగా బిగించుకున్నాడు, క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయాన్ మే 1963లో నాన్నతో కలిసి పాత ఫైర్‌ప్లేస్ చెక్కతో రెడ్ స్పెషల్ మొదలుపెట్టాడు. అవి అసలు సిసలు కస్టమ్ గిటార్లు, ఇద్దరి దగ్గరా డబ్బు తక్కువ, తమకేం కావాలన్న స్పష్టత మాత్రం నిండుగా ఉంది.

తిరిగి అమ్మడం గురించి కూడా తెలుసుకోండి. ఫెండర్, గిబ్సన్ కస్టమ్ షాప్ పీసులకి కొనేవాళ్ళు దొరుకుతారు, ధర కూడా కొంత నిలబడుతుంది. మీ కొలతలకి, మీ ఇష్టమైన ఊదా రంగులో, హెడ్‌స్టాక్ మీద మీ పేరుతో లోకల్‌గా చేయించుకున్నదాన్ని ఇంకొకరికి అమ్మడం మహా కష్టం, సగం ధర వస్తే అదృష్టం. కొనేవాళ్ళ వైపు నుంచి చూస్తే ఇదే బంగారం లాంటి అవకాశం. ఎవరో చేయించుకుని అమ్మేస్తున్న కస్టమ్ గిటారు కొలతలు మీ చేతికి సరిపోతే, కొత్తది ఆర్డరివ్వడం కన్నా అది ఎన్నో రెట్లు మేలు, ఎందుకంటే నెక్ వంగాల్సింది ఏదైనా ఉంటే ఈపాటికే వంగిపోయి ఉంటుంది, మీరు కళ్ళారా చూసి కొంటారు. వెళ్ళేటప్పుడు ట్రస్ రాడ్ తిప్పే అలెన్ కీ, కొలవడానికి చిన్న స్టీలు స్కేలు తీసుకెళ్ళండి. ట్రస్ రాడ్ పావు చుట్టు అటూ ఇటూ తిరుగుతోందా, ఫ్రెట్లలో ఇంకా ఎంత ఎత్తు మిగిలింది, పైన చెప్పిన తీగ లాగే పరీక్షలో ఎక్కడైనా స్వరం చస్తోందా, ఇవి చూడండి. అమ్మేవాళ్ళు వీటికి ఒప్పుకోకపోతే ఎంత తగ్గించి ఇస్తానన్నా తీసుకోకండి.